మూడు గిటార్లు.. ఒకటే అడుగు
ఐర్లండ్ నృత్య బాణీ ‘రేక్స్ ఆఫ్ మాలో’ను ముగ్గురు కలిసి వాయించడమెలా?

కర్ణాటక సంగీతం నేర్చుకునే చిన్నారులకు తొలి దశలో నేర్పే రచనలలో ముత్తుస్వామి దీక్షితుల నొట్టుస్వరాలు ముఖ్యమైనవి. వాటిలో ‘వందే మీనాక్షి’ ఒకటి. గమకాల బరువు లేకుండా చిన్న చిన్న గంతులు వేస్తున్నట్లు సాగే ఆ వరుస పిల్లల నోట ఇట్టే నిలుస్తుంది. సాహిత్యం సంస్కృతం, స్తుతి మధుర మీనాక్షిది. బాణీ మాత్రం వేల మైళ్ల దూరాన ఐర్లండ్‌లోని ఒక నృత్య వరుస. దాని పేరు ‘రేక్స్ ఆఫ్ మాలో’.

జిల్లాలోని పట్టణాలలో, మండల కేంద్రాలలో సైతం ఇంటర్, డిగ్రీ విద్యార్థుల చేతిలో గిటారు కనిపించడం నేడు వింత కాదు. అయితే వారిలో అధికులు ఒంటరిగానే సాధన చేస్తుంటారు. సినిమా పాటకు నాలుగు కార్డులు పట్టుకోవడంతోనే తృప్తి పడుతుంటారు. పక్కవారి వాయిద్యాన్ని వింటూ, తన వంతు వచ్చేవరకు ఆగి, అందరితో కలిసి ఒకే లయలో నడవడం అనే విద్య ఒంటరి సాధనలో అబ్బదు. అందుకు చక్కని సాధనం ఈ చిన్న బాణీ. ముగ్గురు మిత్రులు, మూడు సాధారణ గిటార్లు ఉంటే చాలు. అయితే ఇది నృత్యం కోసం పుట్టిన వరుస అన్న సంగతి మరువరాదు. స్వరాలన్నీ సరిగ్గా పలికినా, వినేవారి పాదం కదలకపోతే బాణీ చచ్చినట్లే లెక్క. ఆ ప్రాణం నిలబెట్టే పద్ధతిని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

విలాసపురుషుల ఊరు

మాలో అనేది ఐర్లండ్ దక్షిణ ప్రాంతంలో, కార్క్ కౌంటీలో, బ్లాక్‌వాటర్ నది ఒడ్డున ఉన్న పట్టణం. 18వ శతాబ్దంలో అక్కడి ఊటనీటికి ఔషధ గుణం ఉందన్న నమ్మకంతో సంపన్నులు తరలి వచ్చేవారు. జలం కోసం వచ్చినవారి వెంట జల్సా కోసం వచ్చినవారూ ఉండేవారు. తాగి తందనాలాడే అటువంటి యువకులనే ఆంగ్లంలో ‘రేక్స్’ అన్నారు. వారి దుబారాను, ఆర్భాటాన్ని వర్ణించే పాటకు ఈ వరుస అతికింది. 1740ల నాటికే లండన్‌లో అచ్చయిన బాణీల సంపుటాలలో ఇది చోటు చేసుకుంది.

ఆ తరువాత ఈ వరుస ఎక్కని వేదిక లేదు. సైనిక వాద్య బృందాలు దీనిని కవాతు బాణీగా వాయించాయి. అమెరికా స్వరకర్త లెరాయ్ ఆండర్సన్ 1947లో రచించిన ‘ఐరిష్ సూట్’ అనే వాద్యబృంద రచనలో దీనికి ఒక భాగం కేటాయించారు. జాన్ ఫోర్డ్ దర్శకత్వంలో 1952లో విడుదలైన ‘ద క్వయట్ మ్యాన్’ చలనచిత్రంలోనూ ఈ బాణీ వినిపిస్తుంది. ఐర్లండ్‌లో మాత్రం దీని అసలు స్థానం నృత్యశాలలోనే. కార్క్, కెర్రీ కౌంటీల సరిహద్దున ఉన్న స్లీవ్ లూక్రా ప్రాంతం ‘పోల్కా’ నృత్యాలకు పేరెన్నిక గన్నది. నాలుగు జంటలు చతురస్రంగా నిలబడి, చోట్లు మార్చుకుంటూ, గిరగిర తిరుగుతూ ఆడే ఆ నృత్యాలకు ఇటువంటి రెండు దెబ్బల వరుసలే ఊపిరి.

కోట బ్యాండు నుంచి స్తుతి గీతం దాకా

ఇటువంటి బాణీలు మన దేశానికి వచ్చింది ఈస్టిండియా కంపెనీ కాలంలో. ముత్తుస్వామి దీక్షితులు (1775-1835) యౌవనంలో ఆయన కుటుంబం మద్రాసు సమీపాన గల మనలిలో నివసించింది. మనలి జమీందారు ఆదరణలో ఉన్న ఆ సోదరులకు సెయింట్ జార్జి కోటలోని పాశ్చాత్య వాద్యబృందాన్ని వినే అవకాశం కలిగింది. తమ్ముడు బాలుస్వామి దీక్షితులు అక్కడే వయొలిన్ పట్ల ఆకర్షితుడై, ఆ వాద్యాన్ని అభ్యసించి, కర్ణాటక సంగీతంలోకి తెచ్చినవారిలో ఆద్యుడయ్యాడు. అన్నగారు ఆ బృందం వాయించిన వరుసలకు సంస్కృతంలో దేవతాస్తుతులు కట్టారు. ‘నోట్’ అన్న ఆంగ్ల పదమే ‘నొట్టు’గా మారి, అవి నొట్టుస్వరాలుగా ప్రసిద్ధి కెక్కాయి. బ్రిటిష్ జాతీయగీతం వరుసలో ‘సంతతం పాహిమాం సంగీత శ్యామలే’ పుట్టినట్లే, మాలో యువకుల తాగుడు పాట వరుసలో ‘వందే మీనాక్షి’ పుట్టింది.

దీక్షితుల కృతులను స్వరసహితంగా లోకానికి అందించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో అచ్చయిందన్న విషయం ఇక్కడ గుర్తు చేసుకోదగినది. ఆ విధంగా తెలుగువారికి దీక్షితుల సంగీతం అక్షరాలా చేరువైనదే. కాబట్టి ఈ ఐరిష్ బాణీ మన విద్యార్థికి పూర్తిగా పరాయిది కాదు. నొట్టుస్వరంగా నెమ్మదిగా పాడుకున్న వరుసనే దాని పుట్టింటి వేగంలో వాయించడం మరొక అనుభవం.

వరుస నిర్మాణం ఇదీ

పాశ్చాత్యులు ‘బార్’ అనే కొలతను సౌలభ్యం కోసం ఇక్కడ ఆవర్తం అందాం. ఈ బాణీలో ఆవర్తానికి రెండు దెబ్బలు. ఒక్కో దెబ్బకు రెండు స్వరాల చొప్పున ఆవర్తంలో నాలుగు స్వరాలు పడతాయి. నోటితో ‘తకధిమి’ అంటే ఒక ఆవర్తం పూర్తవుతుంది. ఎనిమిది ఆవర్తాలు మొదటి భాగం, ఎనిమిది ఆవర్తాలు రెండో భాగం. ఒక్కో భాగాన్ని రెండేసి సార్లు వాయించాలి. అంటే ఒక చుట్టుకు 32 ఆవర్తాలు, 64 దెబ్బలు. నిమిషానికి 120 దెబ్బల వేగంలో ఒక చుట్టు 32 సెకన్లలో ముగుస్తుంది. మూడు చుట్లు వాయిస్తే ఒకటిన్నర నిమిషానికి కాస్త పైన.

స్వరస్థానాలు శంకరాభరణానివి. గిటారు వాద్యకారులు సాధారణంగా దీనిని ‘జి’ శ్రుతిలో వాయిస్తారు. అంటే ‘జి’ స్వరం మనకు షడ్జం. మొదటి ఆవర్తం ‘స గ స గ’. మూడో ఆవర్తం ఒక మెట్టు కిందికి జరిగి, మంద్ర నిషాదంతో ‘ని రి ని రి’. ఊయల ఒకసారి ఇటు, మరోసారి అటు ఊగినట్లుండే ఈ రెండు పట్టులే బాణీకి ముఖచిత్రం. ఒక్కసారి విన్నవారు కూడా మళ్లీ గుర్తు పట్టేది వీటినిబట్టే. రెండో భాగం తార షడ్జం వద్ద మొదలై మెట్లు దిగివస్తుంది. జానపద సంపద కావడం వల్ల ఊరినిబట్టి, వాద్యకారునిబట్టి చిన్న చిన్న తేడాలు ఉంటాయి. ముగ్గురూ ముందుగా ఒకే పాఠాన్ని ఎంచుకోవడం అవసరం. ఒకరు ఒక పుస్తకం నుంచి, మరొకరు వీడియో నుంచి నేర్చుకుని వస్తే ఏడో ఆవర్తం దగ్గర తప్పక ఢీకొంటారు.

గిటారుతో వచ్చే చిక్కు

ఐర్లండ్ సంప్రదాయంలో నృత్య వరుసలను వాయించేది ఫిడేలు, వేణువు, అకార్డియన్, తిత్తితో ఊదే ఇలియన్ పైప్స్ వంటి వాద్యాలు. ఎందరు కూర్చున్నా అందరూ ఒకే వరుసను కలిసి వాయించడం అక్కడి ఆచారం. గిటారు ఆ సంగీతంలోకి విస్తృతంగా వచ్చింది 20వ శతాబ్దం ద్వితీయార్ధంలోనే. అదీ ప్రధానంగా తోడు వాద్యంగానే. 1970లలో ‘బోథీ బ్యాండ్’లో వాయించిన మీహాల్ ఓ డోనల్ వంటివారు తీగల శ్రుతినే మార్చి, సంప్రదాయానికి నప్పే కొత్త పక్కవాద్య పద్ధతిని రూపొందించారు.

ఫిడేలుకు కమాను ఉంది, వేణువుకు ఊపిరి ఉంది. కావలసినంత సేపు స్వరాన్ని నిలుపుకోగలవు. గిటారు తీగ మీటిన మరుక్షణం నుంచే నాదం తగ్గిపోవడం మొదలవుతుంది. ఒక్క గిటారు మీద వేగవంతమైన వరుస వాయిస్తే సన్నగా, ఎముకల గూడులా వినిపిస్తుంది. పోనీ ముగ్గురూ కలిసి అదే వరుసను వాయిస్తే వెంట్రుకవాసి తేడా కూడా టకటకమంటూ బయటపడుతుంది. ఫిడేళ్లు కలిసినప్పుడు ఒకదానిలో ఒకటి కరిగిపోయినట్లు గిటార్లు కరగవు. ముగ్గురూ కార్డులు వాయిస్తే రొదే మిగులుతుంది. కాబట్టి పని విభజన తప్పనిసరి. మన భజన బృందంలో పాడేవారు, మద్దెల వాయించేవారు, చిడతలు వేసేవారు ఎవరి పని వారు చేసినట్లే ఇక్కడా ముగ్గురికి మూడు బాధ్యతలు ఉండాలి.

మొదటి గిటారు: వరుస

మొదటి గిటారు బాణీని మోస్తుంది. ‘జి’ శ్రుతిలో ఈ వరుస చేతికి ఎంతో అనువుగా అమరుతుంది. మధ్య షడ్జం మూడో తీగను నొక్కకుండా మీటితే వస్తుంది. గాంధారం రెండో తీగ ఖాళీగా మీటితే వస్తుంది. అంటే ‘స గ స గ’కు ఎడమ చేతితో పనే లేదు. మంద్ర నిషాదం నాలుగో తీగ నాలుగో మెట్టు మీద, రిషభం మూడో తీగ రెండో మెట్టు మీద ఉంటాయి. తార షడ్జం ఒకటో తీగ మూడో మెట్టు. మొదటి నాలుగు మెట్లు దాటి చేయి కదలకుండానే వరుస అంతా పలుకుతుంది.

కుడి చేయి కీలకం. ‘త’ వద్ద కిందికి, ‘క’ వద్ద పైకి, ‘ధి’ వద్ద కిందికి, ‘మి’ వద్ద పైకి మీటాలి. పిక్‌తో వాయించినా, రెండు వేళ్లు మార్చి మార్చి వాయించినా ఈ క్రమం చెదరరాదు. వరుసగా రెండుసార్లు కిందికి మీటితే ఆ చోట లయ కుంటుపడుతుంది. నాలుగు స్వరాలనూ ఒకే బలంతో మీటడం మరో లోపం. కుట్టు మిషను చప్పుడు వస్తుందే తప్ప నృత్యం రాదు. దెబ్బ మీది స్వరాలకు కాస్త బరువు, నడుమ స్వరాలకు తేలిక ఇవ్వాలి.

రెండో గిటారు: మధ్యపూరణ

కార్డు అంటే మూడు లేదా అంతకు మించిన స్వరాలు ఏకకాలంలో పలకడం. ఈ బాణీకి మూడు కార్డులు చాలు. ‘స గ ప’ కలిసిన జి, ‘ప ని రి’ కలిసిన డి, ‘మ ధ స’ కలిసిన సి. మొదటి రెండు ఆవర్తాలకు జి, తరువాతి రెండింటికి డి, ఐదు, ఆరు ఆవర్తాలకు తిరిగి జి. ఏడో ఆవర్తంలో పాఠాన్నిబట్టి సి లేదా డి వచ్చి, ఎనిమిదో ఆవర్తంలో జి వద్ద ముగుస్తుంది.

రెండో గిటారు ఈ కార్డులను ఆరు తీగల మీద బరబరా గీయకూడదు. సన్నని మూడు తీగల మీద మాత్రమే, ‘క’, ‘మి’ అక్షరాల చోట పొట్టిగా తట్టాలి. తట్టిన వెంటనే ఎడమ చేతి వేళ్లను తీగల మీదే ఉంచి పట్టు సడలిస్తే నాదం ఆగిపోతుంది. ఆ మౌనమే నృత్యకారుని పాదాన్ని పైకి లేపుతుంది. ఖాళీ తీగలు మోగుతూ ఉండిపోతే ఈ పొట్టిదనం రాదు. అందుచేత అన్ని తీగలూ నొక్కి పట్టే కార్డు ఆకృతులను ఎంచుకోవడం మంచిది.

మూడో గిటారు: పునాది

మూడో గిటారు మంద్రస్థాయి తీగలకు పరిమితం. ‘త’, ‘ధి’ల మీద ఒక్కొక్క స్వరం మాత్రమే వాయించాలి. జి కార్డు నడుస్తున్నప్పుడు ఆరో తీగ మూడో మెట్టు, దాని తరువాత నాలుగో తీగ ఖాళీగా. డి కార్డు వచ్చినప్పుడు నాలుగో తీగ ఖాళీగా, తరువాత ఐదో తీగ ఖాళీగా. సి వచ్చినచోట ఐదో తీగ మూడో మెట్టు. చూడడానికి ఇది అతి సులువైన పని. అందుకే చాలా బృందాలలో కొత్తవారికి అప్పగిస్తుంటారు. నిజానికి ఇది మద్దెల వాయించే వాని స్థానం. ఇక్కడ లయ కదిలితే పై రెండు గిటార్లూ కూలిపోతాయి. ముగ్గురిలో తాళజ్ఞానం గట్టిగా ఉన్నవారే దీనికి తగినవారు.

మంద్ర తీగలు ఎక్కువసేపు మోగుతాయి. ఒక స్వరం ఆగకముందే మరొకటి వస్తే బురదలో నడిచినట్లు ఉంటుంది. కుడి అరచేతి అంచును తీగలు దిగే చోట, బ్రిడ్జి మీద తేలికగా ఆనించి మీటితే శబ్దం గుండ్రంగా, పొట్టిగా వచ్చి ఆగుతుంది.

ఈ మూడింటినీ కలిపి చూస్తే విషయం తేటతెల్లమవుతుంది. ‘తకధిమి’లో త, ధి మూడో గిటారువి. క, మి రెండో గిటారువి. నాలుగు అక్షరాల మీదుగా సాగిపోయే వరుస మొదటి గిటారుది. ఎవరూ ఎవరి దారికీ అడ్డురారు. ఏ ఒక్కరు ఆగినా లోటు వెంటనే తెలుస్తుంది.

శ్రుతి ముందు.. వేగం వెనుక

సాధనకు కూర్చోగానే మూడు గిటార్లనూ ఒకే ట్యూనర్‌తో శ్రుతి చేయాలి. ఎవరి ఫోనులోని యాప్‌తో వారు చేసుకుని, సరిపోయిందనుకోవడం పొరపాటు. శ్రుతి అయ్యాక ఒకే స్వరాన్ని ముగ్గురూ కలిపి మీటి చెవితో సరిచూసుకోవాలి. మన వేసవిలో ఎండలో ఉంచిన గిటారు ఉక్కు తీగలు వ్యాకోచించి శ్రుతి దిగుతుంది. ఆరుబయట కార్యక్రమమైతే వాయించే చోటనే పావుగంట వాద్యాలను ఉంచి, ఆ వేడికి అలవాటు పడ్డాక శ్రుతి చేయడం ఉత్తమం. ఒకరిది నైలాన్ తీగల గిటారు, మిగిలిన ఇద్దరివి ఉక్కు తీగల గిటార్లు అయితే నైలాన్ గిటారు శబ్దం అణగిపోయే అవకాశం ఉంది. దానికి వరుసను అప్పగించి, మిగతా ఇద్దరూ తగ్గి వాయించవచ్చు.

మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల వద్ద ఉంచి సాధన మొదలుపెట్టాలి. మొదటి రోజు గిటార్లు పక్కన పెట్టి, ముగ్గురూ చేతులతో తాళం వేస్తూ వరుసను నోటితో పాడడం మేలు. నోట పలకని వరుస వేళ్లకు పలకదు. తరువాత మూడో గిటారు ఒక్కటే, దానిమీద రెండోది, చివరికి మొదటిది చేర్చాలి. తప్పు లేకుండా వరుసగా మూడుసార్లు వచ్చాకే వేగాన్ని ఐదేసి దెబ్బల చొప్పున పెంచాలి. 120 వద్దకు చేరాక ఇంకా పైకి పోవాలన్న తహతహ అనవసరం.

ఇక్కడ మన అలవాటు ఒకటి అడ్డు వస్తుంది. కోలాటంలో ఆట నెమ్మదిగా మొదలై, కోపులు మారేకొద్దీ వేగం అందుకోవడం, చివరికి కర్రల చప్పుడు జోరెత్తడం మనకు పరిపాటి. ఆ పెరుగుదలలోనే దాని ఆనందం. ఐరిష్ పోల్కాలో అలా కాదు. మొదటి ఆవర్తంలో పట్టుకున్న వేగమే చివరి ఆవర్తం దాకా నిలవాలి. ఆడేవారి ఊపిరి ఆ లెక్కమీదే ఆధారపడి ఉంటుంది. ఉత్సాహం వేగంలో గాక మీటులోని బరువు తేలికలలో చూపాలి. రెండో భాగంలో స్వరాలు కిందికి దిగేచోట చేయి తెలియకుండానే పరుగెత్తుతుంది. మూడో గిటారు అక్కడే బిగపట్టి నిలవాలి.

ఒకే వరుస.. మూడు చుట్లు

పదహారు ఆవర్తాల వరుసను మార్పు లేకుండా పదేపదే వాయిస్తే శ్రోతకు విసుగు పుడుతుంది. ఎక్కువ హంగులు చేస్తే బాణీ మరుగున పడుతుంది. మూడు చుట్లకు ఈ కింది క్రమం అనుసరణీయం.

ముందుగా ఒక్క మొదటి గిటారు, నొట్టుస్వరం పాడే నెమ్మదైన నడకలో మొదటి భాగాన్ని ఒకసారి వినిపిస్తుంది. సభలో ‘వందే మీనాక్షి’ నేర్చుకున్నవారు ఉంటే గుర్తుపట్టి తలలూపుతారు. ఒక క్షణం విరామం. ఆపై మూడో గిటారు నృత్య వేగంలో నాలుగు ఆవర్తాలు పునాది వేయగా అసలు బాణీ ఆరంభమవుతుంది.

మొదటి చుట్టులో ఎవరి పని వారిది, అలంకారాలు లేవు. రెండో చుట్టులో మొదటి గిటారు ఒక స్థాయి పైకి వెళ్తుంది. ఒకటో తీగ మూడో మెట్టు వద్ద షడ్జంతో ఆరంభించి పైకి వాయిస్తుంది. రెండో గిటారు తట్టడం మాని, కింది స్థాయిలో జోడు స్వరాలు పలుకుతుంది. వరుస ‘స గ స గ’ అన్నప్పుడు ‘గ ప గ ప’, వరుస ‘ని రి ని రి’ అన్నప్పుడు ‘రి మ రి మ’. రెండు గొంతులు కలిసి పాడినట్లు వినిపిస్తుంది. తట్టు లేని లోటు రాకుండా మూడో గిటారు కొంచెం బలంగా వాయించాలి.

మూడో చుట్టులో బాధ్యతలు మారతాయి. రెండో గిటారు వరుసను అందుకుంటుంది. మొదటి గిటారు తట్టుకు దిగుతుంది. ఈ మార్పిడి చప్పుడు లేకుండా జరగాలంటే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలి. చివరి రెండు ఆవర్తాలు ముగ్గురూ కలిసి వరుసనే వాయించి, జి స్వరం వద్ద ఒక్కసారిగా ఆపేస్తారు. ఆఖరి స్వరాన్ని సాగదీయడం ఈ బాణీకి నప్పదు.

అలంకారాల విషయంలో పొదుపు పాటించాలి. ఐరిష్ వాద్యకారులు ప్రధాన స్వరానికి ముందు పై స్వరాన్ని క్షణంలో వెయ్యో వంతు తాకినట్లు తాకి వదులుతారు. గిటారులో ఎడమ చేతి వేలితో తీగను గిల్లి వదిలితే అది వస్తుంది. ఆవర్తానికి ఒకటి చొప్పున వేస్తే అందం పోయి నత్తిలా వినిపిస్తుంది. భాగానికి ఒకటి రెండు చాలు. మన గమకాలను ఇందులోకి తేవడం వల్ల కూడా మేలు లేదు. నిండైన, నిలకడైన స్వరాలే నొట్టుస్వరాల లక్షణం.

వేదిక మీద జాగ్రత్తలు

కళాశాల వార్షికోత్సవాలు, దసరా పందిళ్లు, వివాహ వేడుకలు మన ప్రాంతంలో దొరికే వేదికలు. అక్కడ మైకుసెట్టు నిర్వాహకులు గొంతుకు వేసే ఎకోను అలవాటుగా వాద్యాలకూ తగిలిస్తారు. వేగవంతమైన వరుసకు ఎకో విషంతో సమానం. ‘తకధిమి’లోని ప్రతి అక్షరం తరువాతి అక్షరం మీద పడి కలగాపులగమవుతుంది. కార్యక్రమానికి ముందే అడిగి దానిని తీయించాలి. మైకులు రెండే ఉంటే ఒకటి వరుస వాయించే గిటారుకు, మరొకటి మంద్ర గిటారుకు పెట్టాలి. తట్టు పదునైన శబ్దం కాబట్టి పక్క మైకులోంచే వినిపిస్తుంది.

ముగ్గురూ వరుసగా జనం వైపు తిరిగి కూర్చోవడం ఫొటోకు బాగుంటుంది, సంగీతానికి బాగుండదు. అర్ధచంద్రాకారంలో, మూడో గిటారు నడుమ ఉండేలా కూర్చుంటే అందరికీ పునాది వినపడుతుంది. మొదలుపెట్టే ముందు ఒక్కరే, ఎప్పుడూ అదే మనిషి, రెండు ఆవర్తాలు లెక్కపెట్టాలి. నడుమ తప్పు జరిగితే ఆగి వెనక్కి పోరాదు. ఆడేవారి పాదాలు ఆగవు గనుక వాయించేవారు తరువాతి ఆవర్తంలో కలిసిపోవాలి. ఒక్క స్వరం తప్పడం ఎవరికీ పట్టదు. ఒక్క దెబ్బ తప్పడం అందరికీ తెలుస్తుంది.

మహామహులు నేర్పే పాఠం

మూడు గిటార్ల కచేరీ అనగానే సంగీత ప్రియులకు గుర్తుకొచ్చేది 1980 డిసెంబరు 5న అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన కచేరీ. స్పెయిన్‌కు చెందిన పాకో డి లూసియా, ఇంగ్లండ్‌లో జన్మించిన జాన్ మెక్‌లాఫ్లిన్, అమెరికాకు చెందిన అల్ డి మియోలా వార్‌ఫీల్డ్ థియేటర్‌లో ఆ రాత్రి వాయించగా, మరుసటి సంవత్సరం ‘ఫ్రైడే నైట్ ఇన్ శాన్‌ఫ్రాన్సిస్కో’ పేరుతో ఆల్బమ్ వెలువడింది. అందులోని ఐదు రచనలలో మూడింటిని ఇద్దరేసి మాత్రమే వాయించారు. ముగ్గురూ కలిసింది రెండింటిలోనే. వేళ్ల వేగానికి పేరుపడ్డ ఆ ముగ్గురే ఒకరి కోసం మరొకరు ఆగి వినగలిగారంటే, నేర్చుకునేవారికి అంతకన్నా పాఠం ఏముంటుంది?

అదే మెక్‌లాఫ్లిన్ తరువాతి కాలంలో మన పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో 1969లో జన్మించిన మాండలిన్ శ్రీనివాస్‌తో కలిసి ‘రిమెంబర్ శక్తి’ బృందంలో వాయించారు. 2014లో కన్నుమూసిన శ్రీనివాస్, పాశ్చాత్య వాద్యమైన మాండలిన్‌పై కర్ణాటక సంగీతాన్ని పలికించి ప్రపంచాన్ని మెప్పించారు. వయొలిన్‌ను చేపట్టిన బాలుస్వామి దీక్షితుల నుంచి శ్రీనివాస్ వరకు జరిగింది ఒక్కటే. వాద్యం ఎక్కడిదన్నది వారు చూడలేదు. దానిని ఎంత శ్రద్ధగా విన్నామన్నదే చూశారు.

పాదమే పరీక్షాధికారి

నృత్యాన్ని వదిలి వచ్చిన బాణీలు ప్రపంచంలో అనేకం. పాఠ్యపుస్తకంలోకి, పరీక్షలోకి, పోటీలోకి చేరాక వాటిలో స్వరాలు మిగులుతాయి, నడక పోతుంది. నొట్టుస్వరాలకు కూడా ఆ ప్రమాదం లేకపోలేదు. పిల్లలు మార్కుల కోసం అప్పగించే పాఠంగా ‘వందే మీనాక్షి’ మిగిలిపోతే, దాని వెనుక నాలుగు జంటలు గిరగిర తిరిగిన నేల ఒకటి ఉందన్న సంగతి ఎవరికీ తెలియకుండా పోతుంది. ముగ్గురు విద్యార్థులు మూడు గిటార్లతో దానిని తిరిగి నడిపించగలిగితే ఆ వరుసకు పోయిన పాదాలు మళ్లీ వచ్చినట్లే.

సాధన సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి న్యాయనిర్ణేతలు అవసరం లేదు. వాయించే గది తలుపు తెరిచి ఉంచాలి. వీధిలో ఆడుకునే చిన్నపిల్లలు గుమ్మం దగ్గర నిలబడి, చెప్పకుండానే ఎగరడం మొదలుపెడితే బాణీ వచ్చినట్లు. వారు కాసేపు చూసి వెళ్లిపోతే మెట్రోనోమ్‌ను మళ్లీ 60 వద్ద ఉంచి, మూడో గిటారుతో మొదలుపెట్టడమే మార్గం.